మొదటి ర్యాంకు వచ్చిన ఊరు

ఆ రోజుల్లో నాకు అచ్చయిన కాగితం మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఇందులో నా తప్పు కొంత, నేను పుట్టిన ఇంటి తప్పు కొంత ఉన్నాయి. చీరాల దగ్గర మగ్గం నేసుకుని బతికే మా ఇంట్లో అచ్చు కాగితాలంటే రెండే: గోడ మీది క్యాలెండరు, ట్రంకు పెట్టెలోని రేషను కార్డు. క్యాలెండరు ఏ తిథి చెబితే మా వీధి అంతటికీ అదే తిథి. కార్డు ఇంట్లో ఆరుగురంటే, ఏడోవాడు పుట్టి నడక నేర్చినా ఆరుగురే. (ఆ ఏడోవాణ్ణి నేనే. నాలుగేళ్ళు వచ్చేదాకా ప్రభుత్వం దృష్టిలో నేను పుట్టలేదు. ఆ నాలుగేళ్ళూ నాకూ కొంత అనుమానంగానే ఉండేదట.) అటువంటి ఇంట్లో మొట్టమొదటిసారిగా డిగ్రీ, ఆపైన గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, తొంభైల మొదట్లో ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గణాంక సహాయకుడిగా చేరినవాడు అంకెల పట్టిక కనబడితే చెప్పులు విడిచి నిలబడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

అప్పుడు నా నివాసం జనక్‌పురిలో ఒక పంజాబీ ఆంటీ గారి డాబా మీది ఒంటి గది. వేసవిలో కాలేది, చలికాలంలో వణికించేది. కుళాయి పొద్దున్నే అరగంట వచ్చేది, అదీ తనకు మనసైతే. ఆంటీ గారు కింద నుంచి "బేటా, టంకీ నిండిందా?" అని కేకవేసేవారు, నేను పై నుంచి "నిండింది ఆంటీజీ" అనేవాణ్ణి. చాలా రోజులు నా సంభాషణ అంతటితో సరి. ఆఫీసులో మాటలు ఇంగ్లీషులో జరిగేవి, బస్సులో హిందీలో జరిగేవి, తెలుగు మాత్రం ఉత్తరాల్లోనే బతికి ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఉత్తరం రాస్తూ ఒక్కొక్క వాక్యాన్ని పైకి చదువుకునేవాణ్ణి. భాష సరిచూసుకోవడానికని అనుకునేవాణ్ణి గాని, అసలు సంగతి ఆ గదిలో ఎవరో ఒకరి గొంతు వినబడాలని.

ఆ ఉత్తరాలు మా ఆవిడకు. మాకు పెళ్ళయి అప్పటికి ఏడాది. ఆమె గుంటూరులో ఉండి బీఈడీ ముగించింది. ఆ ఆగస్టులో ఆమె నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఊరి బడిలో ఒక టీచరు గారు డిసెంబరులో పదవీ విరమణ చేస్తున్నారనీ, ఆ ఉద్యోగం తనకిస్తామన్నారనీ, ఒప్పుకునేదీ లేనిదీ ఏడాది చివరలోగా హెడ్మిస్ట్రెస్‌కు రాయాలనీ సారాంశం. చివర్లో ఇలా రాసింది: "ఆ ఉద్యోగం నాకిష్టమే. మీ దగ్గరికి రావడమూ ఇష్టమే. అక్కడ మనిషి ఉండదగ్గ చోటు చూసి రాయండి. డిసెంబరులో వచ్చి కళ్ళతో చూసి నిర్ణయించుకుంటాను." ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను. డాబా మీది కుళాయి దగ్గర నిలబడి, ఈ గదిని ఆమె ఎలా చూస్తుందో ఊహించుకుని, ఆమె ఆ ఉద్యోగానికే దక్కుతుందని నిశ్చయించుకుని, దిగులుగా బకెట్టు నింపుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే మా సారు నన్ను పిలిచారు. ఆయన గోదావరి జిల్లా మనిషి, మా విభాగానికి అధికారి, ఆఫీసు మొత్తంలో తెలుగు తెలిసిన ఇంకొక జీవి. (కాని ఆయన తెలుగు ఆజ్ఞలకు మాత్రమే ఉపయోగపడేది.) మా శాఖ యమున అవతల కొత్తగా వెలుస్తున్న ఒక చిన్న పట్టణంలో ఉద్యోగులకు క్వార్టర్లు కట్టించింది. దాని పేరు చెప్పను. ఇప్పుడక్కడ ఎందరో సుఖంగా కాపురాలు చేసుకుంటున్నారు, వాళ్ళ మనసు నొప్పించడం దేనికి. అక్కడికి వెళ్ళాలా వద్దా అని ఆఫీసులో తర్జనభర్జన నడుస్తోంది.

"అబ్బాయ్, ఆ ఊరు మనిషి ఉండటానికి బాగుంటుందా లేదా తేల్చాలి. చుట్టుపక్కల పట్టణాలతో పోల్చి ర్యాంకులు ఇయ్యి. ఎవడి నోటి మాటా నాకొద్దు. అన్నీ అచ్చయిన లెక్కల్లోంచే రావాలి" అన్నారు.

"అలాగేనండి. ఒక్కసారి వెళ్ళి చూసి వస్తే..."

"చూస్తే అభిప్రాయాలు పుడతాయి. నాకు లెక్కలు కావాలి."

ఆ మాట నాకు ఎంతో ఉదాత్తంగా తోచింది. నెల రోజులు ఆఫీసు గ్రంథాలయంలో కూర్చున్నాను. జనాభా లెక్కల జిల్లా సంపుటాలు, పురపాలక నివేదికలు, రైల్వే టైంటేబులు, టెలిఫోను డైరెక్టరీ, ఆ కొత్త పట్టణం వారు అచ్చువేసిన రంగురంగుల ప్రణాళికా పుస్తకం, అన్నీ ముందు పరుచుకుని పట్టణానికొక నిలువు వరుస గీశాను. ఆసుపత్రి మంచాలు, బడులు, పార్కులు, వీధి దీపాలు, గ్రంథాలయాలు, మార్కెట్లు. ఒక్కొక్కదాన్ని జనాభాతో భాగించి తలసరి వాటా తీశాను. నేరాల గడిలో ఆ ఊరికి ఒక గీత మాత్రమే ఉంది. గీత అంటే సున్నా అని నిర్ధారించుకుని ఆ ఊరి ప్రజల సత్ప్రవర్తనకు లోలోపల నమస్కరించాను. (ఆ ఊరికి పోలీసు స్టేషను ఇంకా రాలేదనీ, నమోదు చేసేవాడు లేక గీత గీశారనీ తర్వాత తెలిసింది.) ప్రతి భాగహారాన్నీ మూడుసార్లు కాలిక్యులేటరు మీద సరిచూశాను. మూడుసార్లూ ఆ ఊరికే మొదటి ర్యాంకు వచ్చింది. మామూలు మొదటి ర్యాంకు అయితే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. రెండో ర్యాంకు ఊరు దాని దరిదాపుల్లో కూడా లేదు. పోలిక కోసం చేర్చిన జనక్‌పురి అట్టడుగున ఉంది. పొద్దున్నే నేను పడే పాట్లకు శాస్త్రీయమైన ఆధారం దొరికినందుకు తృప్తి కలిగింది.

నా పేరుతో అచ్చయిన మొదటి కాగితం అదే. సైక్లోస్టైలు ప్రతి ఒకటి నాన్నకు పంపితే, ఆయన దాన్ని మగ్గం పైన మేకుకు తగిలించారట. ఇంకొక ప్రతి మా ఆవిడకు పంపుతూ "నీవు అడిగిన చోటు దొరికినది" అని గ్రాంథికంలో రాశాను.

నివేదిక చదివి వినిపించిన రోజున ఆఫీసులో అందరూ బల్లలు చరిచారు. నా పక్క కుర్చీలో ఒక మీరట్ మనిషి ఉండేవాడు. రోజూ పరాఠాలు తెచ్చి అందరికీ పంచుతాడు గనక అతన్ని పరాఠా భయ్యా అనేవాళ్ళం. అతను లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వాహ్ భాయ్, ఇంత గొప్ప ఊరు పెట్టుకుని మనం ఢిల్లీలో దుమ్ము తింటున్నామా? ఠీక్ హై. రిపోర్టు మీది, మొదటి తాళంచెవీ మీదే. మీ వెనకాలే మేమందరం."

సెప్టెంబరులో నేను ట్రంకు పెట్టెతో అక్కడ దిగాను. వెనకాల ఎవరూ రాలేదు. ఒకరికి పిల్లల బడి, ఇంకొకరికి అత్తగారి మోకాళ్ళు. పరాఠా భయ్యాకు హోలీ దాకా ముహూర్తాలు లేవు. ఇరవై నాలుగు క్వార్టర్ల భవనంలో నేను ఒక్కణ్ణి, కింద గేటు దగ్గర గఢ్వాల్ కొండల నుంచి వచ్చిన ఒక ముసలి చౌకీదారు. అతను నన్ను చూసి లేచి నిలబడి, "సాబ్, దారి తప్పారా?" అని అడిగాడు.

పొద్దున ఆఫీసు బస్సు నా కోసం, ఇంకా ముందుకు ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ వాళ్ళు నలుగురి కోసం వచ్చేది. సాయంత్రం నన్ను దింపి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయేది. ఆరు వరుసల రోడ్డు మీద నేను, అప్పుడప్పుడు ఒక నీల్‌గాయి, అంటే మన మనుబోతు. కొత్తిమీర కావాలంటే బస్సెక్కాలి, క్షవరానికి రెండు బస్సులు ఎక్కాలి. తలసరి లెక్క ప్రకారం నా వాటాకు వచ్చిన రోడ్డు మీద నడుస్తూ, నా వాటాకు వచ్చిన దీపాలను లెక్కపెట్టుకుంటూ క్వార్టరుకు చేరేవాణ్ణి. దారిలో చౌకీదారుతో చెప్పవలసిన మాటలు ముందే అనుకుని సిద్ధం చేసుకునేవాణ్ణి. పాపం అతను మూడో మాటకే "అచ్ఛా సాబ్" అని కునుకు తీసేవాడు. ఒక సాయంత్రం, ఖాళీ అని తెలిసీ, పక్క క్వార్టరు తలుపు తట్టాను. మన తలుపు ఎవరైనా తడితే ఆ చప్పుడు ఎలా ఉంటుందో మరచిపోయానేమోనని అనుమానం వచ్చింది. తట్టి, కాసేపు మర్యాదగా నిలబడి, వచ్చేశాను.

మా ఆవిడకు రాసిన ఉత్తరాల్లో మాత్రం నేను ఒక్క అబద్ధమూ రాయలేదని ఈనాటికీ ప్రమాణం చేయగలను. రోడ్లు విశాలమని రాశాను. రద్దీ లేదని రాశాను. ఇరుగుపొరుగుతో ఇంతవరకు మాట తేడా రాలేదని రాశాను. గాలి బాగా వీస్తుందని రాశాను. కిటికీకి అద్దాలు ఇంకా బిగించలేదు మరి.

డిసెంబరు మధ్యలో ఆమె వచ్చింది. స్టేషనులో రైలు దిగగానే నేను ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టాను. మూడు నెలల మాటలు లోపల పేరుకుని ఉన్నాయి. రిక్షాలో, బస్సులో, మెట్ల మీద కూడా మాట్లాడుతూనే ఉన్నాను. క్వార్టరు తలుపు తీశాక ఆమె నెమ్మదిగా, "కాస్త మంచినీళ్ళు ఇస్తారా, లేక ఇంకా ఉందా?" అంది.

మర్నాడు ఆదివారం. పొగమంచు విడిచాక ఆమె శాలువా కప్పుకుని, చేతిసంచిలోంచి నా నివేదిక తీసింది. అంచుల్లో పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు ఉన్నాయి. నా ఛాతీ ఒక అంగుళం విరిసింది.

"ఐదో పేజీలో మార్కెట్టు అని ఉంది కదండీ, పదండి, కూరగాయలు తెచ్చుకుందాం."

"అది... ఈ మధ్య నేను అటు వెళ్ళలేదు."

"మూడు నెలలుగా కూరలు తినట్లేదా?"

ప్రణాళికా పుస్తకంలోని పటం పట్టుకుని బయలుదేరాం. మార్కెట్టు ఉండవలసిన చోట ఆవచేను పసుపుపచ్చగా పూసి ఉంది. మధ్యలో రెండు కర్రల మీద ఒక బోర్డు: ప్రతిపాదిత మార్కెట్ స్థలం. ఆమె బోర్డును చూసి, నివేదికను చూసి, పెన్సిలుతో ఒక టిక్కు పెట్టింది. "తర్వాత గ్రంథాలయం" అంది. గ్రంథాలయం ఒక గేదెల పాకకు వెనకాల ఉంది. దాని బోర్డు ఒక పక్కకు ఒరిగింది. బాలికల పాఠశాల ఒక నీటి గుంట. ఆసుపత్రికి మాత్రం ప్రహరీగోడ ఉంది, లోపల ఇద్దరు మనుషులు చెరుకు నరుకుతున్నారు. వాళ్ళు మమ్మల్ని చూసి చెరో ముక్క ఇచ్చారు. మా వెనకాలే ఏం జరుగుతుందోనని వచ్చిన చౌకీదారు ఆమెతో ఎంతో గౌరవంగా, "బోర్డులు చూడాలంటే ఇంకా చాలా ఉన్నాయి బహూజీ. అటువైపు సినిమా హాలు బోర్డు కొత్తగా రంగు వేశారు" అన్నాడు.

చెరుకు ముక్క పట్టుకుని అక్కడ నిలబడి ఉండగా నేను చేసిన ఘనకార్యం మొదటిసారి సంపూర్ణంగా అర్థమైంది. వసతుల లెక్క తీసుకున్న పుస్తకం ఇరవై ఏళ్ళ తర్వాత ఉండబోయే ఊరి గురించి. జనాభా లెక్క తీసుకున్న సంపుటం ఆ నేల మీద రెండు మూడు పల్లెలు తప్ప ఏమీ లేని నాటిది. నేను భవిష్యత్తును గతంతో భాగించాను. మూడుసార్లు సరిచూసి మరీ భాగించాను. ఆ ఊళ్ళో మనిషికి ఎన్నో పార్కులు, ఎన్నో మంచాలు రావడానికి ఏకైక కారణం పంచుకోవడానికి మనుషులు లేకపోవడం.

దారిలో ఒక కల్వర్టు గట్టు మీద కూర్చున్నాం. ఆమె నివేదిక ఒళ్ళో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వడానికి ప్రయత్నించాను. ఆమె కళ్ళు తుడుచుకుని, రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, నవ్వు ఆపింది.

"పొద్దున్న వెళితే సాయంత్రం గాని రారు. నేనిక్కడ ఎవరితో మాట్లాడేది?"

"రేడియో ఉంది" అన్నాను. (ఇంతకన్నా తెలివితక్కువ సమాధానం ఉంటే అదీ చెప్పేవాణ్ణే.)

"సరే. ఈ మూడు నెలలూ మీరెవరితో మాట్లాడారు?"

ఆ లెక్క నేను తీయలేదు. ఏ సంపుటంలోనూ లేదు. చెరుకు పీచు చేతిలో నలుపుతూ కూర్చున్నాను.

"ఉత్తరాల్లో ఒక్క ముక్క రాయలేకపోయారా?"

"నివేదిక మీద సంతకం నాదే కదా" అన్నాను. "నాన్న మగ్గం పైన తగిలించుకున్నారు."

ఆమె నివేదికను మడిచి పక్కన పెట్టింది. తర్వాత శాలువా సగం తీసి నా భుజం మీద వేసి, "నెలాఖరులోగా హెడ్మిస్ట్రెస్ గారికి రాయాలి. ఇంకా రెండు వారాలుంది. ఈ ఊళ్ళో అయితే మాత్రం నేనుండను. మీరుంటానన్నా ఉండనివ్వను" అంది. అందులో నాకు బెదిరింపు ఎంతో, అభయం ఎంతో ఆ క్షణాన లెక్క తేలలేదు.

సోమవారం పొద్దున సవరణ పత్రం రాసుకుని సారు గదికి వెళ్ళాను. క్వార్టరు వదలాలంటే కారణం చూపించాలి. కారణం చూపించాలంటే నా నివేదిక తప్పని నేనే రాయాలి. ఒక పేజీ రాయడానికి రాత్రి నిద్రంతా ఖర్చయింది. సారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"లవం ఒక కాలానిది, హారం ఒక కాలానిదా? ఇది మూడు నెలల కిందటే ఎందుకు చెప్పలేదు?"

"అచ్చయిపోయిందండి."

"నేనూ చూడలేదులే. ర్యాంకు చూసి సంతకం పెట్టాను" అన్నారు, ఏ మాత్రం సంకోచం లేకుండా. ఆ తర్వాత విచారించగా తేలిందేమిటంటే, ఆఫీసులో అందరూ ర్యాంకే చూశారు. ఆ నివేదికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన ఏకైక వ్యక్తి మా ఆవిడ.

సారు వేలు చివరి వాక్యం దగ్గర ఆగింది. "ఇదేమిటి? 'పలకరించే మనిషి ఉన్నదీ లేనిదీ కూడా పట్టికలో చేర్చవలసి ఉన్నది.' దీనికి ఆధారం ఏ పుస్తకం?"

"పుస్తకం లేదండి. నేనే."

"నువ్వు ప్రచురణవి కాదు కదా అబ్బాయ్. కొట్టెయ్."

కలం తీసి కొట్టేశాను. స్కేలు పెట్టి మరీ శుభ్రంగా కొట్టేశాను. అప్పట్లో నా పని తీరు అది.

క్వార్టరు వదలడానికి అనుమతి దొరికాక, ఆ మరుసటి ఆదివారం ఇద్దరం జనక్‌పురి వెళ్ళాం. గది ఎవరికైనా ఇచ్చేశారేమోనని దారి పొడుగునా నాకు భయమే. ఆంటీ గారు గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. "అరే బేటా, ఖాళీగానే ఉంది. నీళ్ళ సంగతి విని వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు" అన్నారు. నేను మా ఆవిడను కింద కూర్చోబెట్టి, ఆమె కంటబడక ముందే చక్కదిద్దగలిగినవి ఏమైనా ఉన్నాయేమోనని పైకి పరిగెత్తాను. గది తాళం తీశాను, సాలెగూళ్ళు దులిపాను, పెచ్చులూడిన గోడకు పాత క్యాలెండరు అడ్డం పెట్టాను. పావుగంట తర్వాత, ఈ గదిలోని లోపాలను ఏ క్రమంలో ఒప్పుకుంటే తక్కువ నష్టమో ఆలోచించుకుంటూ మెట్లు దిగి వచ్చి చూస్తే, ఇద్దరూ ఒకే పళ్ళెంలో బఠాణీలు ఒలుస్తున్నారు. ఆంటీ గారు పంజాబీ కలిసిన హిందీలో తన కోడలి మీద ఏదో ఫిర్యాదు చేస్తున్నారు. మా ఆవిడ తెలుగులో, "మరే, ఆడపిల్ల అన్నాక ఆ మాత్రం పొద్దున్నే లేవద్దూ" అంటోంది. ఆమెకు హిందీ అప్పటికి ముక్క రాదు. ఇద్దరిలో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనబడలేదు.

రెండు రోజుల్లో పెట్టె సర్దుకుని ఆ గదికి మారిపోయాం. నెలాఖరుకు ముందు ఒక మధ్యాహ్నం, నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసరికి, ఆమె డాబా ఎండలో కూర్చుని హెడ్మిస్ట్రెస్ గారికి ఉత్తరం అంటిస్తోంది. ఆ రెండు వారాలూ నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నిలబడే, "ఏం రాశావు?" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇక్కడ నీళ్ళు సరిగా రావు, గది ఇరుకు, చలికి వేళ్ళు వంగట్లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, అందువల్ల ఉద్యోగంలో చేరలేకపోతున్నాను, మన్నించండి అని."

నేను ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు సరిచూశాను. కారణాలకూ ముగింపుకూ పొంతన లేదు. నా విద్యార్హతలను బట్టి ఎత్తి చూపవలసిన లోపమే. నోరు మూసుకుని, ఆ ఉత్తరాన్ని నేనే పట్టుకెళ్ళి తపాలా పెట్టెలో వేసి, లోపల పడిన చప్పుడు విని, మళ్ళీ ఒకసారి పెట్టెను తట్టి చూసి వచ్చాను.

తర్వాతి ఏడాది ఆమెకు మా కాలనీలోనే ఒక బడిలో పని దొరికింది. నేను అధికారినై, ఎన్నో పట్టికలు గీసి, కొన్నిటిని సరిగ్గానే గీసి, రిటైరయ్యాను. అప్పుడు ఏం చూసి ఉండిపోయావని ఆమెను ఇప్పటికీ అడుగుతూ ఉంటాను. "మిమ్మల్ని ఒక్కరినీ వదిలేస్తే ఇంకో ఊరికి ర్యాంకు ఇస్తారని" అంటుంది. నవ్వేస్తాను. కాని ఆమె పక్క గదిలోకి వెళ్ళాక, స్కేలు పెట్టి తన వాక్యాన్ని తానే అంత శుభ్రంగా కొట్టేసుకున్న ఆ బక్క కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి చేతిలోంచి ఆ స్కేలు నెమ్మదిగా తీసుకోవాలని ఉంటుంది. తీసుకోనివ్వడని కూడా తెలుసు. అచ్చయిన ఆధారం ఏమైనా తెచ్చారా అని అడుగుతాడు.